ఆజీ నోట వచ్చిన పేరు

రోజూ పొద్దున్నే మంజిరీ అటుకుల పోహే తింటూ ఉంటే, వెనక కూర్చుని సుమతీబాయి మనవరాలి భుజాలకి వెచ్చటి కొబ్బరినూనె రుద్దుతుంది. బడిసంచి పట్టీలు పడ్డచోట రెండు గాట్లు. అక్కడ చెయ్యి తగిలితే చాలు, మూడో తరగతి పిల్ల ముసలమ్మలా మూలుగుతుంది.

"నెమ్మదిగా, ఆజీ!"

"నెమ్మదే తల్లీ. అన్ని పుస్తకాలూ మోసుకెళ్లాలా? ఒకటి ఇంట్లో పెట్టకూడదూ?"

"ఏది పెడితే ఆ క్లాసులో మేడమ్ బయట నిలబెడుతుంది."

సాతారాలో ఆ కొండవాలు వీధి పిల్లలు జూన్‌లో బడి తెరవగానే కుంచించుకుపోవడం మొదలుపెడతారు. మే సెలవుల్లో మేనమామల ఊళ్లకి పోయి, మామిడిపళ్లు తిని, మళ్లీ సాగుతారు. అందుకే దర్జీ వాళ్ల యూనిఫారాల అంచులకి వదులు కుట్లే వేస్తాడు. ఈ ఏడు మాత్రం మంజిరీ సాగలేదు. బడి తెరిచిన రోజు ఎత్తు కొలిచి తలుపు చట్రం మీద పెట్టిన కుంకుమ గీత నిరుటి గీతకి కింద పడింది. వెనకనుంచి చూస్తే సంచికే కాళ్లు మొలిచాయనిపిస్తుంది. తల్లి సులభ ఆ గుమ్మం దాటేటప్పుడు చట్రం వంక చూడడం మానేసింది.

విరుగుడు లేకపోలేదు. దసరానాడు పలక మీద ఒకటి అంకెలు పేర్చి సరస్వతిని గీసి, పక్కన బడిసంచి పెట్టి పూజ చేస్తారు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లెవరైనా అరచేతిలో నీళ్లు తీసుకుని, తమ పేరు చెప్పి పళ్లెంలో వదలాలి. ఎవరి పేరు పలికితే వాళ్ల మీద పెద్దా పిల్లా ఇద్దరి బరువూ పడుతుంది, రెండోవాళ్లు తేలికవుతారు. పోయినేడు ఎదురింటి బాపట్ తాత అలాగే వదిలాడు. మనవడు ఏపుగా ఎదిగాడు. తాతని ఇప్పుడు ఉయ్యాల తొట్టిలో పడుకోబెడుతున్నారు.

"ఎలాగూ వంగిపోయినదాన్నే," అంది సుమతీబాయి కోడలితో. "పై అరలో ఊరగాయ జాడీ కూడా అందదు, నిన్నే పిలవాలి. ఇంకాస్త వంగితే కొంప మునుగుతుందా?"

"అలా అనకండి, ఆయీ," అంది సులభ. వద్దని మాత్రం అనలేదు. ఆ సంగతి గమనించినా సుమతీబాయికి కోపం రాలేదు.

సుమతి అన్నది అత్తింటివాళ్ల పేరు. పెళ్లిలో పళ్లెం నిండా బియ్యం పరిచి, భర్త ఉంగరంతో రాసిన పేరు. ఆ పూటతో పుట్టింటి పేరు పోయింది. అంత మంచి పేరు వృథాగా పోవడమెందుకని కొడుకు ఆ పుట్టింటి పేరునే తన కూతురికి పెట్టుకున్నాడు.

దసరానాడు సంచికి బంతిపూల దండ వేశారు. సుమతీబాయి పీట మీద కూర్చుని అరచెయ్యి చాపింది. సులభ నీళ్లు పోసింది. ఎదురుగా పలక, ఒకట్లతో గీసిన సరస్వతి, తడి బలపం వాసన. పెళ్లి కోసం బడి మాన్పించకముందు, ఇలాంటి పలక ముందే తండ్రి తనని కూర్చోబెట్టేవాడు.

"నీ పేరు చెప్పు!" అంది మంజిరీ పక్కనుంచి. చిన్నప్పుడు తన నాన్న కూడా అచ్చం అలాగే అడిగేవాడు.

"మంజిరీ," అంది సుమతీబాయి.

నీళ్లు పళ్లెంలో పడ్డాయి.

పిల్ల కిసుక్కున నవ్వింది. "అది నా పేరు, ఆజీ!"

సులభ చేతిలో చెంబు కింద పడింది. "ఎంత పని చేశారు ఆయీ!"

"నా పేరే చెప్పానే," అంది సుమతీబాయి, తడి చెయ్యి చీరకి తుడుచుకుంటూ. "నా పేరే..."

వదిలిన నీళ్లు తిరిగి ఎత్తకూడదు. మళ్లీ వదలాలంటే వచ్చే దసరాదాకా ఆగాల్సిందే.

మర్నాడు సుమతీబాయి గోడ పట్టుకోకుండా లేచింది. మోకాళ్లు పట్టెయ్యలేదు. పై అరలోంచి జాడీ తీసి కింద పెట్టాక గానీ, కోడల్ని పిలవలేదని ఆమెకి తట్టలేదు. జాడీ అక్కడే వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తింది. పరుగెత్తగలిగినందుకు ఏడుపొచ్చింది.

"వెళ్లొస్తా, ఆజీ!" కింది మలుపునుంచి మంజిరీ గొంతు సన్నగా వినిపించింది.

సంచి వాలు దిగుతోంది. దాని కింద కాళ్లు కనిపించలేదు.