నేలమాళిగలో గొయ్యి

కింద డ్రిల్లు మళ్లీ మోగింది. డోరీన్ కొవాల్‌చిక్ మాట మధ్యలో ఆగింది. తెర మీద నక్షత్రపు వెలుగు గీత సన్నగా అదురుతోంది. ముందు వరసలో ఉన్న శాఖాధిపతి విట్‌లాక్ చెయ్యి ఊపాడు.

"కానివ్వు డోరీన్, కానివ్వు. ఏవో మరమ్మతులు. ఇప్పుడే ఆగిపోతాయి."

ఆగలేదు. డోరీన్ గొంతు పెంచింది. మసకబారి మళ్లీ వెలిగే నక్షత్రాల మీద పన్నెండేళ్లు పనిచేసింది. ఆ పనంతా ఈ గంటలో, ఆ రొదలో చెప్పుకోవాలి. చెప్పింది. చివర్లో చప్పట్లు కొట్టారు.

ఒహాయోలోని ఈ విశ్వవిద్యాలయంలో ఆమె ఆరేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతోంది. అది ఉద్యోగం కాదు, కూలి. కోర్సుకి నాలుగు వేల డాలర్లు. వేసవిలో అదీ లేదు. వైద్య బీమా లేదు గనక పుచ్చిన పన్ను పీకించుకోకుండా ఒక పక్కనే నములుతోంది. ఇన్నాళ్లకి ఖగోళశాస్త్రమైనా పరవాలేదంటూ ఒక పక్కా ఉద్యోగం పడింది. మూడు వందల మంది దరఖాస్తు పెట్టుకుంటే ముగ్గురిని పిలిచారు. ఆ ముగ్గురిలో తనొకతె. ఇవాళ తన వంతు.

భోజనాల దగ్గర ఎల్స్‌పెత్ క్రేన్ వచ్చి డోరీన్ పక్కన కూర్చుంది. ఎంపిక సంఘంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆవిడ. డోరీన్‌కి ఇక్కడ పాఠాలు ఇప్పించింది కూడా ఆవిడే.

"బాగా చెప్పావమ్మాయ్," అంది. కళ్లు మాత్రం సూపు గిన్నెలోంచి ఎత్తలేదు.

ఈ భోజనంలో ఒక ఆనవాయితీ ఉంది. ఉద్యోగం ఇస్తే పరిశోధనకి ఏమేం కావాలని వచ్చినవాళ్లని అడుగుతారు. డోరీన్ జవాబు సిద్ధం చేసుకుని వచ్చింది.

"మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?" అన్నాడు విట్‌లాక్. "ఈ మంచులో బయట తిరగనివ్వకు."

"బాగానే ఉందండీ. నాకు కావలసిన కంప్యూటర్ల సంగతి..."

"అవన్నీ తర్వాత చూద్దాంలే. చెర్రీ కేకు తినవూ? ఇవాళ బాగుంది."

భోజనమయ్యాక పరీక్ష పాఠం. తన పిల్లలకే, తన గదిలోనే చెప్పాలి. వెనక వరసలో సంఘం కూర్చుని మార్కులు వేస్తుంది. ఆ గది సరిగ్గా డ్రిల్లు మీద ఉంది. ఒక్క గంట ఆపమని బతిమాలుకుందామని డోరీన్ మెట్లు దిగింది.

నేలమాళిగ నిండా సిమెంటు దుమ్ము. పాత సామాన్ల గదిలో నేల కోసేసి, మనిషి ఛాతీ లోతున చదరంగా గొయ్యి తవ్వారు. అందులో నిలబడి ఉన్నాడు మేస్త్రీ డెల్‌బర్ట్.

"ఏం చేస్తున్నారు పెద్దాయనా?"

"బావి తవ్వుతున్నాం టీచరమ్మా. నీళ్లు పడితే కబురు పెడతాంలే."

మిగతా ఇద్దరూ నవ్వారు.

"ఒక్క గంట ఆపుతారా? పైన నాకు పరీక్ష."

"ఆపుతాం, మా నడుములూ పడిపోతన్నాయి. కానీ ఎండలు రాకముందే అయిపోవాలంట. కొత్త ప్రొఫెసరు మిషను వస్తదిగా. లోపలంతా మంచుకన్నా చల్లగా ఉంటదంట. నిలువుగా బాగా పొడుగంట. మనకేమో పైకప్పు ఎత్తు చాలదు, అందుకే కిందకి తవ్వుతున్నాం."

"ఏ కొత్త ప్రొఫెసరు?"

"పేరు నాకేం తెలుసు? ఎర్ర గడ్డమాయన. అక్టోబర్‌లో, ఆకులు రాలే రోజుల్లో మీ పెద్దసారు వెంటబెట్టుకొచ్చాడు. ఇదిగో, ఇక్కడే నిలబడి 'ఇంకో అడుగు లోతు' అన్నాడు. వాళ్లావిడకి ఊళ్లో ఇళ్లు కూడా చూపించారంట."

ఉద్యోగ ప్రకటన పడింది ఆ తర్వాత, క్రిస్‌మస్ ముందు. ఎర్ర గడ్డమాయన గురువారం పరీక్షకి రావలసిన మూడో మనిషి. ప్రభుత్వపు పెద్ద గ్రాంటు ఆయన వెంట వస్తుందని అందరికీ తెలుసు. మరి తననెందుకు పిలిచినట్టు? అదీ తెలిసింది. చివరి ముగ్గురిలో ఒక్క ఆడమనిషైనా లేకపోతే డీను ఆఫీసు ఎంపికని ఒప్పుకోదు. తాంబూలాలు పుచ్చేసుకున్న ఇంట్లో తనని పెళ్లిచూపులకి కూర్చోబెట్టారు.

తరగతి గుమ్మం దగ్గర విట్‌లాక్ ఎదురయ్యాడు.

"రా, రా. పిల్లలు వచ్చేశారు."

"కింద గొయ్యి ఎవరికి సార్?"

ఆయన నవ్వు సగంలో ఆగింది. "మెల్లగా..."

"ఎవరికి? నాకైతే కాదుగా. నక్షత్రాలు చూసేదానికి గొయ్యి ఎందుకు?"

"చూడు, లోకంలో లేనిది మేమేం చెయ్యడం లేదు. నీకూ మంచిదే. చివరి ముగ్గురిలో నిలిచానని ఇంకోచోట చెప్పుకోవచ్చు."

"దీనికోసం కొత్త కోటు కొనుక్కున్నాను సార్," అంది డోరీన్. "నా పేరు తీసెయ్యండి."

విట్‌లాక్ గొంతు ఇంకా మెత్తబడింది. "తీస్తే మొత్తం ఎంపికే ఆగిపోతుంది. మళ్లీ మొదటికి. ఆగస్టులో నీకు పాఠాలు ఇవ్వాలన్నా సంతకం పెట్టేది నేనే కదమ్మా? ఆలోచించుకో. ఒక్క గంట చెప్పేసి వెళ్లిపో."

అద్దె, అమ్మ, పుచ్చిపోయిన పన్ను, అన్నీ ఆ ఒక్క గుమ్మంలో డోరీన్‌కి అడ్డంగా నిలబడ్డాయి. వాటిని తోసుకుని లోపలికి వెళ్లింది.

"పిల్లలూ, పాఠం చెప్పడానికి నాకు జీతం ఇస్తున్నారు. చెప్తాను," అంది. తల ఎత్తింది. "వెనక వరసవాళ్లు దయచేసి బయటికి వెళ్లండి. ఈ ఉద్యోగానికి నేను పోటీలో లేను."

"మమ్మల్నా టీచర్?" అన్నాడు వెనకగా కూర్చున్న కుర్రాడొకడు.

"నిన్ను కాదు నాయనా. నువ్వు కూర్చో."

పిల్లలు నవ్వబోయి మానేశారు. ప్రొఫెసర్లు గుమ్మంలో నిలబడ్డ విట్‌లాక్ వైపు చూశారు. ఆయన మొహం కందిపోయింది. ఒకరు లేచారు. ఆ వెనకే ఇంకొకరు. కాగితాలు మడుచుకుంటూ మిగతావాళ్లు.

ఎల్స్‌పెత్ లేవలేదు. ఒళ్లో సంచీ పెట్టుకుని, గుమ్మంలో ఉన్న మనిషిని ఒకసారి, బల్ల దగ్గరున్న మనిషిని ఒకసారి చూస్తోంది.

డోరీన్ సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది. మొదటి గీత వంకరగా వచ్చింది. రెండోది సరిగా గీస్తూ, వెనక ఆ ఒక్క కుర్చీ కదులుతుందేమోనని వీపంతా చెవి చేసుకుని వింటోంది.