ఏడో వార్డు క్యూ

పొద్దున షట్టర్ ఎత్తేసరికి నా దగ్గర ఉన్నవి నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఎడమ చేతికి ఐదు వేళ్లు. నెట్ సెంటర్ మాత్రం నిన్నటికంటే రెండు గజాలు పొడుగ్గా ఉంది. పెరిగిన గోడకు సున్నం కూడా వేసే ఉంది. నాకు ఆ పని తప్పింది.

మూడో కంప్యూటర్ ముందు మా అమ్మాయి హిమజ, దాని స్నేహితురాలు షాహీన్ వచ్చి కూర్చున్నారు. కాలేజీ పోటీకి వెబ్‌సైట్ తయారు చేస్తున్నారు. విషయం, మా ఏడో వార్డులో ప్రజాస్వామ్యం. ఓటర్ల జాబితాలోంచి ఒక్కో పేరూ ఎక్కిస్తున్నారు. పేరు ఎక్కగానే గది ఒక అడుగు పెరుగుతోంది. ఆ అడుగులో ఆ పేరున్న మనిషి వచ్చి నిలబడుతున్నాడు.

"ఏంది బాబాయ్, అట్టా చూస్తన్నావ్? కాస్త సర్దుకోమను. ఇంకా రెండొందల మంది ఉన్నారు," అంటుంది షాహీన్.

"ఎందుకు నిలబడ్డారు?" అని అడుగుతాను.

"ఓటెయ్యటానికి," అంటాడు అందరికంటే ముందున్న పాల సుబ్బయ్య. "పోయినసారి ఎయ్యలేదుగా."

నిజమే. పోయినసారి మా వార్డులో నా ఎన్నిక ఏకగ్రీవం. పోలింగ్ లేదు, గొడవ లేదు, ఒక్క కొట్టూ మూతపడలేదు. ఇంటింటికీ మైసూర్‌పాక్ పంచాం. పోటీకి దిగిన కుట్టుమిషన్ సలోమి కళ్లజోడు మరిచిపోయి నా దగ్గరికొచ్చింది. ఉపసంహరణ కాగితం నేనే టైపు చేసి, నామినేషన్ రసీదని చెప్పి సంతకం పెట్టించాను. సాక్షి సంతకం నాది.

నాకొక అలవాటుంది. టైపు చేసిన కాగితం ఏదీ కంప్యూటర్‌లోంచి చెరపను. మళ్లీ ప్రింటుకొస్తే మళ్లీ టైపు చేయడం దండగ.

"నాన్నా, సలోమి రసీదు అని ఒక ఫైలుంది. స్కాన్ చేసింది కూడా ఉంది. తెరవనా?" అంటుంది హిమజ.

ఏ నష్టానికైనా లెక్క కట్టగలను. ఆ ఫైలు చూశాక నా కూతురు నన్ను చూసే చూపుకు కట్టలేను.

"పాతదమ్మా, వదిలెయ్," అని మెయిన్ స్విచ్ వైపు నడుస్తాను.

స్విచ్ వెనక గోడకు ఉంది. వెనక గోడ ఇప్పుడు చాలా దూరంలో ఉంది. క్యూ పక్కనే నడుస్తాను. అందరూ మర్యాదగా ఒదిగి దారిస్తున్నారు.

"పో, అంకారావ్, పో. నీకెవరూ పోటీ లేరుగా!" అంటుంది ఒక ముసలామె. వరసంతా నవ్వుతుంది.

చివర సలోమి కుట్టుమిషన్ తొక్కుతోంది. ముందువాళ్ల నీడలను ఒకదానికొకటి జోడించి కుడుతోంది.

"క్యూ తెగకుండా, అన్నా," అంటుంది, నేను అడక్కముందే. "ఈసారి కళ్లజోడు తెచ్చుకున్నా."

"కాగితం చదువుతావా?"

"నేనెందుకు? మీ అమ్మాయి చదువుతోందిగా."

స్విచ్ కట్టేస్తాను. లైట్లు ఆరిపోతాయి, ఫ్యాన్లు ఆగిపోతాయి. మూడో కంప్యూటర్ వెలుగుతూనే ఉంది. నిలబడ్డవాళ్లందరూ దానివైపే చూస్తున్నారు. దానికి ఆ చూపులు చాలుతున్నాయి.

దూరం నుంచి హిమజ గొంతు వినిపిస్తుంది. అందులో కోపం లేదు. సర్వేకొచ్చిన మనిషి ఇంటాయన్ని అడిగినట్టు ఉంది.

"అంకారావు గారూ, ఈ సాక్షి సంతకం మీదేనా?"

"నాదే," అంటాను.

ఆ మాటతో నా ఎడమ చూపుడు వేలు ఊడి కింద నిలబడుతుంది. నొప్పి లేదు. అది నడుచుకుంటూ పోయి సలోమి వెనక వరసలో నిలబడుతుంది. సలోమి వెనక్కి తిరగకుండానే దాని నీడను తన నీడకు కలిపి రెండు కుట్లు వేస్తుంది.

ఇక మిగిలిన లెక్క. వీధంత పొడుగు గది వచ్చింది. మూడువందల పన్నెండు మంది వచ్చారు. చేతికి నాలుగు వేళ్లున్నాయి. కొత్తగా 'గారూ' అనే పిలుపొకటి చేరింది. అవతల, క్యూ మొదట్లో, షట్టర్ దగ్గర ఓట్ల పెట్టె తెరిచి ఉంది. అందులోంచి మూడేళ్లప్పటి హిమజ "నాన్నా, నాన్నా" అని పిలుస్తోంది. నా వేలు ఆ పిలుపు వైపు ఒక అడుగు జరుగుతుంది. దాని ముందు ఇంకా మూడువందల పన్నెండు మంది ఉన్నారు.