పొడిగది

బంగారమ్మకి ఫ్లాటు తాళాలు వచ్చేస్తున్నాయని పక్కింటి కామాచ్చి కుళాయి దగ్గర చెప్పిందట. ఎస్టేటు బంగళాలో గోడకి ఉండే సుద్ద బొమ్మను కోలాలంపూర్‌లో వేలం వేస్తారట. ఇరవై లక్షల రింగిట్లు పలుకుతుందట. దానికో కాగితం మీద బంగారమ్మ వేలిముద్ర కావాలట. "ముసల్దాని బొటనేలికి ఏటి అదృష్టం లా!" అని మాట చివర మలేసియా వాళ్ల 'లా' తగిలించి నవ్విందట కూడా.

ఆ మాట చెవిన పడేసరికి బంగారమ్మ కారుతున్న రేకుల కింద గిన్నెలు సర్దుతోంది. సుంగై సుమున్ ఎస్టేటులో పొద్దుటినుంచీ ఒకటే వాన. బియ్యం తడిసింది, పరుపు తడిసింది. ఎస్టేటు అమ్ముడుపోయింది. నెలాఖరుకి కూలీల లైను ఇళ్లు ఖాళీ చేయాలని గోడకి నోటీసు అంటించారు. ఇంట్లో పొడిగా ఉన్నది ప్లాస్టిక్ కవరులో ఉన్న ఆ నోటీసు ఒక్కటే.

మధ్యాహ్నం కారు దిగినవాడు ప్రేమ్‌నాథ్. వేలం కంపెనీ ఉద్యోగి, ఈ ఎస్టేటు పాత గుమాస్తా మనవడు. వెనకే కామాచ్చి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అతను ఫోనులో బొమ్మ చూపించాడు. నూటముప్పై ఏళ్ల కిందట ఫ్రాన్సులో ఎవరో రంగు సుద్దలతో వేసింది. చేను కోస్తున్న ఆడవాళ్లు. దగ్గరగా చూస్తే అన్నీ గీతలే, దూరం జరిగితే వంగిన వీపుల మీద ఎండ. ఒకామె నడుం పట్టుకుని లేస్తోంది. బంగళాలో పనిచేస్తూ దాని అద్దం ఇరవైరెండేళ్లు తుడిచింది బంగారమ్మే.

"మన వానలకి బొమ్మకి బూజు పట్టిందేమోనని కొనేవాళ్లకి డౌట్ ఆంటీ. చెమ్మ తగల్లేదని మీరు సాక్ష్యం ఇయ్యాల. వేలిముద్ర వేస్తే బొమ్మ ఓనరు ఫ్లాటు తాళాలు ఇప్పుడే ఇమ్మన్నారు." తాళాలూ, రాసి తెచ్చిన కాగితమూ బల్ల మీద పెట్టాడు.

"తగల్నేదు. నిజమే," అంది బంగారమ్మ.

"మరింకేటే? ఏలెయ్యి లా!" అంది కామాచ్చి.

అప్పట్లో బంగళాలో బొమ్మ ఉన్న గదిలో చెమ్మ లాగే యంత్రం కోసం జనరేటరు తెల్లవార్లూ తిరిగేది. లైను ఇళ్లకు మాత్రం తొమ్మిదికే కరెంటు తీసేసేవారు. ఇలాంటి వానల్లోనే బంగారమ్మ ఐదు నెలల కూతురు వెంకమ్మ ఊపిరాడక డొక్కలెగరేసింది. ఆ పొడిగదిలో ఓ మూల, గోనెపట్టా మీద పడుకోబెట్టుకుంటానని మూడు రోజులు బంగళా దొరసాని కాళ్లు పట్టుకుంది. దొరసాని కసరలేదు. పసిదాని ఊపిరిలో తేమ ఉంటుంది, బొమ్మకి మంచిది కాదు అని మెత్తగానే చెప్పింది. నాలుగో రోజు కొబ్బరితోట చివర పిల్లను పాతిపెట్టారు. ఐదో రోజు బంగారమ్మ వెళ్లి అద్దం తుడిచింది.

"ఏటి రాసినావు? సదువు," అంది.

"ఇరవైరెండేళ్లు ఆ గదిలోకి చెమ్మ రానీలేదు. అంతే ఆంటీ."

"నా ఎంకమ్మ పేరు నేదే?"

ప్రేమ్‌నాథ్ తడబడ్డాడు. "ఇది బొమ్మ పేపరు కదా ఆంటీ..."

బంగారమ్మ తడి చేత్తో తాళాలు వెనక్కి తోసింది.

"ఓసి పిచ్చిదానా! రేపు ఏడుంటావే?" అని అరిచింది కామాచ్చి.

బంగారమ్మ ఆమె వైపు చూడలేదు.

"రాయి బాబూ. ఎంకమ్మ ఊపిరి తగల్నీకుండా బొమ్మని కాసినారని రాయి. అది సచ్చిపోనాదనీ రాయి. అప్పుడేత్తాను ఏలు."