నూట పన్నెండో పేజీ

చిక్కుళ్ల ఈనెలు తీస్తూ ప్రూఫులు దిద్దడం ఆమెకు పదకొండేళ్ల అలవాటు. ఎడమ పక్కన కూరగాయల పళ్లెం, కుడి పక్కన ఎర్ర పెన్ను. భర్త నవలా రచయిత. మనుషుల మనసుల్లోని చీకట్లను బాగా రాస్తాడని పేరు. ఆ చీకట్లో పడ్డ అచ్చుతప్పుల్ని ఏరే పని మాత్రం భార్యది. "నీ కన్ను పడితే తప్పు మిగలదోయ్" అంటాడు. ఆ ఒక్క మెచ్చుకోలుకే ఆమె సెలవురోజులన్నీ ధారపోసింది.

ఇప్పుడు రోజూ సెలవే. ఆసుపత్రి మందుల స్టోరులో ఆమె సీనియర్ ఫార్మసిస్టు. మత్తుమందుల అల్మారా తాళంచెవి ఆమె బాధ్యత. తొమ్మిది రోజుల కిందట అది పోయింది, అప్పట్నుంచీ ఆమె సెలవులోనే ఉంది. హ్యాండ్‌బ్యాగు బోర్లించింది, పరుపులు తిరగేసింది. భర్త కూడా మోకాళ్ల మీద వంగి మంచాల కింద టార్చి వేసి మరీ వెతికాడు. "మతిమరుపు బాగా ముదిరింది నీకు. మొన్న గ్యాసు కట్టెయ్యలేదు. అంతకుముందు అమ్మకి మాత్రలు మార్చి ఇచ్చావు. రేపు ఆసుపత్రిలో అదే జరిగితే ఎవరి ప్రాణం మీదికి తెస్తావో" అన్నాడు, ఎంతో దయగా. గ్యాసు కట్టేసినట్టు ఆమె చేతికి గుర్తుంది. కానీ మొగుడు, అత్తగారు ఒకటే మాట అంటుంటే చేతి మాట ఎవరు వింటారు? రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకుంది.

దానికంటే ముందు ఇంకో ఘనకార్యం చేసింది. తన కింద పనిచేసే అసిస్టెంటమ్మాయి మీద దొంగతనం మోపింది. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడమ్మా" అని అత్తగారు ఎగదోస్తుంటే, సూపరింటెండెంటుకు ఫోను చేసి, నా బ్యాగు ముట్టుకునేది ఆ పిల్లే అంది. అబద్ధం. ఆ పిల్ల ఏనాడూ ముట్టుకోలేదు. తనకు మతిపోయిందని ఒప్పుకోవడం కంటే ఇంకొకరు దొంగ కావడం ఆమెకు తేలికనిపించింది. ఆమె అంత మంచి మనిషేం కాదు. విచారణ తేలేదాకా ఆ పిల్లను ఇంట్లో కూర్చోమన్నారు. ఫోను చేసినంతసేపూ భర్త ఎదురుగా కాఫీ తాగుతూ, చిన్న నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉన్నాడు.

కొత్త నవలలో నాయిక కూడా మందుల దుకాణం మనిషే. నోటిదురుసు, అబద్ధాలకోరు, తన మాట మీద తనకే నమ్మకం లేనిది. "దీన్ని ఏ పాఠకుడూ ఇష్టపడడు, అలాగని వదిలిపెట్టనూ లేడు" అని మురిసిపోయాడు. ఇది నేనేనా అని ఆమె అడిగితే, "కల్పనకీ నిజానికీ తేడా తెలీదా నీకు?" అని నవ్వాడు. పబ్లిషరు తొందరపెడుతుంటే మధ్య అధ్యాయాలు పోయిన వారమే తిరగరాసిచ్చాడు. ఆమె అక్షరాలే చూస్తుంది గానీ కథ చదవదని ఆయన ధీమా.

ఇప్పుడు ఆమె దిద్దుతున్న నూట పన్నెండో పేజీలో నాయిక తాళంచెవి తనే దాచి, దాచిన సంగతి మరిచిపోయి, పనిపిల్లను దొంగంటుంది. దాచిన చోటు కుట్టుమిషను కింది సొరుగు. దారపురీళ్ల వెనక, నీలిగళ్ల చేతిరుమాల్లో, రెండు ముళ్లు వేసి.

ఆమె లేచింది. బెల్టు తెగి రెండేళ్లుగా వెనకగదిలో మూలపడి ఉన్న మిషను సొరుగు లాగింది. రీళ్ల వెనక రుమాలు ఉంది. ముళ్లు రెండూ ఉన్నాయి. లోపల తాళంచెవి ఉంది.

మొదట వచ్చింది పాత భయమే. నేనే పెట్టానేమో. తర్వాత బుర్ర కదిలింది. నేనే పెట్టి మరిచిపోతే ఈయనకెలా తెలిసింది? తెలిసినవాడు మంచాల కింద టార్చి ఎందుకు వేశాడు? కళ్లతో చూడని వివరం ఒక్కటీ రాయనని సభల్లో చెప్పుకుంటాడు కదా, ఆ గొప్ప కోసం పాపం రుమాలు రంగు కూడా మార్చలేకపోయాడు. అయితే గ్యాసూ ఆయనే, మాత్రలూ ఆయనే. ఆమె తొమ్మిది రోజులు కుమిలిపోతుంటే, ఎలా కుమిలిపోతుందో పక్కన కూర్చుని చూసి రాసుకున్నాడు. ఒళ్లు భగ్గుమంది. వండి, ఉతికి, తప్పులు దిద్దిపెట్టింది చాలక, ఆమె మతి కూడా కావలసివచ్చింది ఈ పెద్దమనిషికి. అంతకంటే మండించింది ఇంకొకటి. ఆ పిల్ల మీద చెప్పిన అబద్ధం ఆయన చెప్పించింది కాదు, అచ్చంగా తనదే.

ముందు ఆ పిల్లకే ఫోను చేసింది. "తాళంచెవి మా ఇంట్లోనే దొరికింది. నువ్వు తియ్యలేదు. బ్యాగు ముట్టుకున్నావని నేను చెప్పింది అబద్ధం. ఇప్పుడే వెళ్లి సూపరింటెండెంటు గారికి అదే చెప్తాను."

"మా అమ్మకి కూడా చెప్పండి మేడమ్. తను కూడా నన్ను నమ్మట్లేదు" అంది ఆ పిల్ల.

"ఫోనివ్వు, చెప్తాను."

చెప్పింది. ఆ తల్లి అన్న మాటలన్నీ పడింది. రాజీనామా కాగితం తీసి చిక్కుడు ఈనెల మీద పడేసింది. ప్రూఫుల్లోంచి ఆ పేజీ లాగి, తాళంచెవి, రుమాలుతో సహా బ్యాగులో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంటుంటే భర్త గుమ్మంలోకి వచ్చాడు.

"చిక్కుళ్లు అలాగే ఉన్నాయేంటి? ప్రూఫులు అయ్యాయా? ఎన్ని తప్పులు?"

"ఒక్కటే" అంది ఆమె. "నూట పన్నెండో పేజీలో అబద్ధం రాయడం మర్చిపోయారు."