రెక్కల్లేని ఆడపురుగు

స్తుతి వినుకొండలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్. ఆ చలికాలం ఊరి బయట యలమంద అనే రైతు మిరప చేలో సోలార్ దీపపు ఎర పెట్టించింది. చీకటి పడగానే దీపం వెలుగుతుంది, పురుగులు వచ్చి కింద నీళ్ల పళ్లెంలో పడతాయి. పొద్దున్నే వెళ్లి వాటిలో పంటకు చేటు చేసేవేవో, చెయ్యనివేవో వేరు చేయడం ఆమె పని.

జనవరిలో ఒక ఉదయం ఆ పళ్లెంలో ఆమెకు తెలియని రెక్కల పురుగు కనిపించింది. ఇసుక రంగు రెక్కలు, వాటి మీద ఏటవాలుగా ఒక గోధుమ గీత, దువ్వెన పళ్ల లాంటి మీసాలు. ఫొటో తీసి గుంటూరులో ఉన్న అనంతపద్మనాభం గారికి పంపింది. ఆయన ఆమెకు పీజీలో పాఠం చెప్పిన ప్రొఫెసర్. రెక్కల పురుగుల మీద పనిచేస్తూనే రిటైరయ్యారు, ఇప్పటికీ అదే పని.

ఆయన వెంటనే ఫోన్ చేశారు. "ఇది రాజస్థాన్ ఎడారి పురుగమ్మా. గాలికి కొట్టుకొచ్చి ఉంటుంది. మన వైపు దొరకడం వింతే గానీ కొత్తదేం కాదు."

ఆమె నమ్మింది. కానీ మర్నాడు మరికొన్ని పడ్డాయి. ఆ వారమంతా పడుతూనే ఉన్నాయి. గాలి రోజూ ఒకే చేలోకి మోసుకొస్తుందా అనిపించింది. కాలేజీ మైక్రోస్కోపు కింద ఒకదాని పొట్ట చివర కోసి చూసింది. మగపురుగుకు అక్కడ కొక్కేలుంటాయి. ఒక జాతిని ఇంకో జాతి నుంచి విడదీసేవి అవే. ఎడారి పురుగు బొమ్మల్లో కొక్కెం కొన ఒకటే. దీనికి చీలి రెండుగా ఉంది.

"ఒకే జాతిలో కూడా కాస్త అటూ ఇటూ ఉంటాయి," అన్నారు సార్. "డీఎన్ఏకి పంపు."

హైదరాబాద్ ల్యాబ్ నుంచి జవాబొచ్చాక ఆమె తికమక ఇంకా పెరిగింది. ఎడారి జాతికి దగ్గరే. అదేనని చెప్పడానికి తేడా కాస్త ఎక్కువ, వేరని చెప్పడానికి కాస్త తక్కువ. ఇంకో చిక్కు కూడా ఉంది. పళ్లెంలో పడినవన్నీ మగవే. ఒక్క ఆడదీ లేదు.

ఈలోగా యలమందకు కంగారు మొదలైంది. కిందటేడు నల్లి పురుగు పడి తోటంతా పోయింది అతనికి.

"మేడమ్, ఈ పురుగు మిరపను తింటదా తినదా?"

"తెలీదండీ."

"మీకే తెలవకపోతే ఎట్టా? గట్టు మీద కలుపంతా మందు కొట్టి మాడ్చేస్తా. అందులోనే ఉండి ఉంటై."

"కొన్నాళ్లు ఆగండి," అంది స్తుతి. ఎందుకు ఆగాలో గట్టిగా చెప్పలేకపోయింది. అది నిజంగా పంటను తినే పురుగైతే అతని నష్టానికి తనే కారణమవుతుంది.

ఆ సాయంత్రం ఎండ తగ్గేవేళ ఆమె గట్టు మీద నడుస్తుంటే వెంపలి కలుపు మొక్కల కింద ఇసుక రంగు రెక్కలు కొట్టుకోవడం కనిపించింది. నాలుగైదు మగపురుగులు ఒక మట్టిబెడ్డ చుట్టూ తిరుగుతున్నాయి. వాటిని ఏ సాలీడో పట్టుకుందనుకుని బెడ్డ ఎత్తింది. కింద బూడిద రంగులో లావుపాటి పురుగొకటి ఉంది. ఆరు కాళ్లు, నూగు ఒళ్లు. రెక్కల్లేవు. రెక్కలుండాల్సిన చోట చిన్న బుడిపెలు మాత్రం ఉన్నాయి. మగవి దాన్ని వదలడం లేదు.

డబ్బాలో వేసి ఇంటికి తెచ్చింది. తెల్లారేసరికి డబ్బా గోడకు గుడ్లు అంటుకుని ఉన్నాయి. అంటే ఆ రెక్కల్లేనిది ఎదిగిన ఆడపురుగే. వెంటనే సార్‌కు ఫోన్ చేసింది.

ఆయన మధ్యాహ్నం బస్సుకే వచ్చారు. కళ్లజోడు తీసి, భూతద్దం పెట్టి డబ్బాలోకి చూశారు.

"రెక్కల్లేకుండా ఇది రాజస్థాన్ నుంచి ఎలా వస్తుంది సార్?" అంది స్తుతి.

"రాలేదు. అది నేను తప్పే చెప్పాను. ఇది ఇక్కడిదే." మళ్లీ భూతద్దం డబ్బా మీదికి వంచి అన్నారు, "కానీ ఎడారిలో ఉన్నదాని ఆడపురుగును ఎవరైనా చూశారా? నాకు తెలిసి లేదు. దానికీ రెక్కలు లేవేమో. అప్పుడు రెండూ ఒకటే జాతి అయినా కావచ్చుగా?"

పొద్దుటినుంచి స్తుతి దాచుకున్న సంతోషం ఎటు పోయిందో తెలియలేదు.

ఇద్దరూ కలిసి జోధ్‌పూర్‌లో పనిచేసే ఒక శాస్త్రవేత్తను అడిగారు. ఆయన వెతికి చూస్తానన్నారు. ఈలోగా గుడ్లు పగిలి చిన్న గొంగళిపురుగులు బయటికొచ్చాయి. మిరపాకు వేస్తే పక్కకు జరిగాయి. పత్తి ఆకు వేసినా అంతే. వెంపలి ఆకు వేయగానే తినడం మొదలుపెట్టాయి. స్తుతి ఆ డబ్బా తీసుకెళ్లి యలమందకు చూపించింది.

అతను వంగి చూశాడు. "వెంపలి తినే దానికా ఇంత హడావుడి?" అన్నాడు. గట్టుకు మందు మాత్రం కొట్టలేదు.

జోధ్‌పూర్ నుంచి ఫొటోలు మళ్లీ చలికాలం వచ్చాక గానీ రాలేదు. ఎడారి ఆడపురుగు దొరికింది. దానికి నిండైన రెక్కలున్నాయి, ఎగురుతోంది కూడా. ఇక అనుమానం లేదు, ఇది వేరే జాతే. స్తుతి వ్యాసం రాసింది. పురుగుకు సార్ పేరు పెడతానంటే ఆయన ఒప్పుకోలేదు.

"పల్నాడు పేరు పెట్టు. ఎక్కడిదో తెలీక ఏడాది తిరిగాం గదా," అన్నారు.

అలాగే పెట్టింది. వ్యాసం అచ్చయిన రోజు కాలేజీలో స్వీట్లు పంచారు. అందరూ మెచ్చుకుంటుంటే ఆమెకు ఏదో బెరుకుగానే ఉంది.

ఆ తర్వాతి జనవరిలో ఒక పెళ్లికి సింగరాయకొండ వెళ్లింది. తీరిక దొరికి సముద్రం వైపు ఇసుక దిబ్బల మీద నడుస్తుంటే వెంపలి పొదల్లో అవే మగపురుగులు కనిపించాయి. గబగబా ఇసుక తోడింది. ఆడది దొరికింది. దానికి రెక్కలున్నాయి, కానీ పొట్టివి. గోరంత కూడా లేవు. అది వాటిని ఆడించింది గానీ లేవలేకపోయింది.

స్తుతి ఇసుకలోనే కూర్చుని సార్‌కు ఫోన్ చేసింది. అంతా విని ఆయన అడిగారు, "ఏమంటావు మరి? మనదేనా, ఇంకోటా?"

"తెలీడం లేదు సార్."

"నాకూ తెలీడం లేదు. రెండు మగవాటిని కూడా పట్టుకురా. కొక్కేలు చూద్దాం."

ఆమె పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పొద వైపు మళ్లీ వంగింది.