మూడో వైరు

ఇంజను చప్పుడు విని రోగం చెప్పడంలో మా ఆయన చెయ్యి తిరిగిన మనిషి. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నారంటే వైద్యుడు నాడి చూసినట్టే. ముప్పై ఏళ్లుగా మా షెడ్డు ఆ చెవుల మీదే నడుస్తోంది.

ఆర్నెల్లుగా ఆ చెవులకు సరిగ్గా వినబడటం లేదని ఆయన నాకు చెప్పలేదు. నాకు తెలుసని నేనూ చెప్పలేదు. దొందూ దొందే.

ఆ రోజు లెక్కల మాస్టారు తన పాత కారు తెచ్చారు. ఇంజను కొట్టుకుంటోందట, వేరే షెడ్డువాళ్లు మొత్తం విప్పాలన్నారట. రోగం ఎక్కడుందో మా ఆయన చెబితే అక్కడే విప్పుదామని పక్కనే నిలబడ్డారు. ఇవాళ తప్పు చెబితే ఈ మనిషి మళ్లీ స్క్రూడ్రైవరు పట్టుకోరు.

మా ఆయన ఇంజను స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు చెవికి ఆనించారు. వినేటప్పుడు కళ్లు మూసుకోవడం ఆయన అలవాటు. ఇప్పుడు మూసుకోలేదు. లైటు పట్టుకునే నెపంతో నేను వెనక చేరాను. పెళ్లయిన కొత్తలో ముద్దూముచ్చటా మాని నాకు ఇంజను చప్పుళ్లు నేర్పిన మహానుభావుడు మరి. పైన టకటకలాడితే వాల్వు, కింద దబదబలాడితే బేరింగు. ఇది దబదబే. అదే వరసలో ఆయన వీపు మీద వేళ్లతో తట్టాను.

ఆయన ఒక్క క్షణం బిగుసుకుపోయారు. తర్వాత ఏమీ ఎరగనట్టు మొదటి ప్లగ్గు వైరు పీకారు. వైరు పీకితే ఆ సిలిండరు ఆగుతుంది; ఏది ఆగితే చప్పుడు తగ్గుతుందో, రోగం అక్కడున్నట్టు. తగ్గలేదు, అలాగే తట్టాను. రెండోదీ అంతే. మూడో వైరు పీకగానే దబదబ మెత్తబడింది. నా వేళ్లూ మెత్తబడ్డాయి.

మూడో సిలిండరు కింద బేరింగు పోయిందన్నారు మా ఆయన. మధ్యాహ్నానికి కింద నుంచి విప్పి చూస్తే అదే అరిగిపోయి ఉంది. నీ చెవులు బంగారమయ్యా అని మాస్టారు మెచ్చుకుంటుంటే, ఆయన నా వైపు చూశారు.

మాస్టారు వెళ్లాక, చేతులు తుడుచుకుంటూ నా పెదవుల వైపే చూస్తూ అడిగారు.

"ఎప్పట్నించి తెలుసు?"

"నేను తిడుతుంటే ఎదురు చెప్పకుండా నవ్వడం మొదలెట్టారే, అప్పట్నించి."

ఆయన స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"అయితే ఆ ఆర్నెల్ల తిట్లూ మళ్లీ తిట్టు. మొహం చూస్తూ తిట్టు."

తీరా నోరు తెరిస్తే ఒక్క తిట్టూ గుర్తు రాలేదు, ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి తీసుకుని, మూడో వైరు పీకినప్పటిలాగే మెత్తగా తట్టాను.