కరెంటు సారు బూట్లు

నగర్తపేటలో వెంకటేశప్ప కార్ఖానా గడప దాటాలంటే ఎవరైనా సరే చెప్పులు వీధిలో వదిలి రావలసిందే. లోపల మిషన్లున్నాయి, మిషన్లంటే లక్ష్మి, లక్ష్మి ఎదుట చెప్పులేమిటని ఆయన వాదన. యుద్ధం పుణ్యమా అని సిపాయిలకు ఖాకీ చొక్కాలు కుట్టే కాంట్రాక్టు దొరికాక ఆ భక్తి మరీ ముదిరింది. బండలు పరిచిన నేల మీద ఆడా మగా అంతా ఉత్త కాళ్ళతోనే పని చేసేవారు.

వెనక మూల ఇస్త్రీ బల్ల ఉండేది. పిల్లమ్మ చొక్కాల మీద నీళ్ళు చిలకరించేది, ఆమె కోడలు శాంతమ్మ కరెంటు ఇస్త్రీపెట్టె తోసేది. పిల్లమ్మకు ఒక్కడే కొడుకు, చిక్కమునియప్ప. పెళ్ళయిన ఏడాదికే పటాలంలో చేరి బర్మా దిక్కుకు పోయాడు. రైలెక్కి కిటికీలోంచి చెయ్యి పట్టుకుని, "శాంతను చూసుకోమ్మా" అని ఆ ఒక్క మాటే అన్నాడు. పిల్లమ్మ ఆ మాటను కొంగున ముడేసుకుంది. కోడలు కళ్ళెదుటే ఉంటుందని యజమానిని బతిమాలి ఈ బల్ల దగ్గర పని ఇప్పించింది కూడా తనే.

వానలు మొదలయ్యాక శాంతమ్మ గొణుగుడు మొదలైంది.

"అత్తా, ఈ పెట్టె గుంజుతాది. మోచేతి దాకా జిల్లుమంటాది."

"పొద్దస్తమానం గుంజుతాదా?"

"లేదు, బాగా కాగినాకే. నువ్వు నీళ్ళు చల్లినాక ఇంకా జాస్తి."

పిల్లమ్మ ముట్టి చూసింది. చీమ కుట్టినట్టయి చెయ్యి వెనక్కు తీసుకుంది. ఇద్దరూ వెళ్ళి యజమానికి చెప్పుకున్నారు. వెంకటేశప్ప పాపం దయగల మనిషే, నవ్వి ఊరుకున్నాడు.

"మనకెందుకమ్మా ఈ సందేహం? కాంట్రాక్టు ఇచ్చినోళ్ళు కరెంటు సారును పంపిస్తా ఉండారు. పెట్టెలు, చేతి దీపాలు అన్నీ ఆయనే ముట్టి చూసి చెప్తాడు. అంతవరకు పని నిలపొద్దండి."

కరెంటు సారు పేరు చంద్రశేఖర్. కార్ఖానాలన్నీ తిరిగి, చేత్తో పట్టుకుని వాడే కరెంటు సామాన్లలో ఏది మంచిదో ఏది చెడ్డదో తేల్చడం ఆయన ఉద్యోగం. చదువుకున్నవాడు, మెత్తని మనిషి. గడప దగ్గర అందరి చెప్పులూ చూసి తనూ వంగి బూట్ల తాళ్ళు విప్పబోయాడు. వెంకటేశప్ప పరుగున వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయ్యయ్యో! మీరు విప్పేదేమిటికి సార్? వీళ్ళకూ మీకూ ఒకటేనా? అట్లే దయచేయండి."

ఆయన మొహమాటపడుతూ లోపలికి వచ్చాడు. మందపాటి రబ్బరు అట్టలు వేసిన తోలు బూట్లు, బండల మీద కిర్రుకిర్రుమన్నాయి. యజమాని మర్యాద తెలిసిన మనిషని అందరూ అనుకున్నారు. పిల్లమ్మ కూడా అనుకుంది. పెద్దమనిషిని వీధిలో వంగోబెట్టి బూట్లు విప్పిస్తే తలవంపులు కాదూ మరి!

ఆయన సంచిలో పరీక్ష చేసే మీటరు ఉంది గానీ, అందులో వేసే బ్యాటరీలు యుద్ధం వచ్చాక బజారులో దొరకడం లేదట. అందుకని చేత్తోనే చూస్తున్నాడు. ప్లగ్గు పెట్టించి, పెట్టె బాగా కాగేదాకా ఓపిగ్గా నిలబడి, పిడి దగ్గర ఇనుమును వేళ్ళ వెనక వైపుతో తాకాడు. మళ్ళీ తాకాడు. శాంతమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది.

"ఏమీ లేదమ్మా," అన్నాడు చంద్రశేఖర్. "ఇదిగో, నేనే పట్టుకున్నాను కదా. భయంతో పట్టుకుంటే చెయ్యి దానంతటదే వణుకుతుంది."

పరీక్ష అయినట్టు గుర్తుగా వైరుకు పచ్చ గుడ్డపేలిక కట్టించి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ పేలిక చూసి కార్ఖానా అంతా నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది, ఒక్క శాంతమ్మ తప్ప.

"అత్తా, ఇప్పుడూ గుంజుతానే ఉండాది. నేను గుండీలు కుట్టే కాడికి పోతాను. నువ్వన్నా యజమానికి చెప్పు."

పిల్లమ్మకు ఒళ్ళు మండింది. బతిమాలి తెచ్చుకున్న పని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని మార్చమంటుంది?

"అంత చదువుకున్న సారే ముట్టి ఏమీ లేదన్నాడు. ఆయన కంటే నీకు ఎక్కువ తెలుసునా? ఏమీ లేదు పో, పని చూడు."

శాంతమ్మ కొంగు నడుముకు దోపుకుని బల్ల దగ్గరికి పోయింది.

తర్వాతి వారంలో ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం అది జరిగింది. పిల్లమ్మ చెంబులో చెయ్యి ముంచి చొక్కా మీద నీళ్ళు చిలకరించి, ఇంకో చొక్కా కోసం అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి శాంతమ్మ పెట్టెను పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. నోరు తెరుచుకుంది, గొంతు లేవలేదు. ఎవరో వైరు పీకారు. కిందపడ్డ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని పిల్లమ్మ ఎంత పిలిచినా ఆ పిల్ల పలకలేదు. కాళ్ళ కింద బండంతా తడి. అత్త చల్లిన నీళ్ళే అవి.

"మూర్ఛ," అన్నాడు వెంకటేశప్ప, వచ్చిన వాళ్ళందరితో. "పాపం, ఆ పిల్లకు ముందునుంచే మూర్ఛ ఉండాది. పెట్టెకు పరీక్ష అయ్యింది చూడండి, పచ్చ గుడ్డ కట్టిండారు."

శాంతమ్మకు ఏ రోగమూ లేదని పిల్లమ్మ ఏడ్చింది. ఏడ్చే ఆడదాని మాట ఎవరికి కావాలి? నాలుగు రోజులయ్యేసరికి వీధి వీధంతా మూర్ఛ అనే అంటోంది. రేపు కొడుకు దిగి వచ్చి అడిగితే అతనికీ ఎదురయ్యేది ఆ మాటే. పిల్లమ్మకు గుండెల్లో ముల్లులా దిగింది అది.

కర్మలు ముగిశాక, కడుపు ఊరుకోదు కాబట్టి, ఆమె మళ్ళీ పనికి వచ్చింది. చావు జరిగిన చోటని యజమాని ఆ పొద్దున్నే పుణ్యాహం చేయించాడు. బండలు కడిగి, గోపంచకం, పసుపునీళ్ళు చల్లించాడు. ఇస్త్రీపెట్టె మాత్రం పచ్చ పేలికతో అట్లాగే బల్ల మీద ఉంది. కరెంటు సారు మరొక్కసారి చూసి బాగుందంటే తిరిగి వాడుకోవచ్చు.

చంద్రశేఖర్ వచ్చాడు. వెంకటేశప్ప ఈసారి గడప దగ్గరే చేతులు జోడించి అడ్డం నిలబడ్డాడు.

"తప్పుగా అనుకోవద్దండి సార్. పుణ్యాహం చేసిన చోటు. తోలు బూట్లు లోపలికి రాకూడదని అయ్యవారు చెప్పినారు. ఈ ఒక్కసారికి..."

"దానికేముంది!" అని ఆయన బూట్లు విప్పి, మేజోళ్ళు కూడా తీసి, తడి బండల మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చాడు. ప్లగ్గు పెట్టించాడు. పెట్టె కాగేదాకా అదే ఓపికతో నిలబడ్డాడు. వేళ్ళ వెనక వైపుతో తాకాడు.

"అమ్మా!" అని ఆయన పెట్టిన కేకకు మిషన్లన్నీ ఆగిపోయాయి. వెనక్కి విసిరేసినట్టు పోయి ఖాకీ చొక్కాల గుట్ట మీద పడ్డాడు. మొహం పాలిపోయింది, చెయ్యి గజగజ వణుకుతోంది.

కార్ఖానా అంతా ఆయన చుట్టూ మూగింది. వెంకటేశప్ప తనే కూర్చుని ఆయన చెయ్యి నిమిరాడు.

"సోడా తెండ్రా! బేగ జట్కా పిలవండి, ఆస్పత్రికి పోవల్ల! ఆ పాడు పెట్టెను పీకి బైట పారేయండి, మనుషుల్ని చంపేస్తాది అది!"

మూర్ఛ అని ఎవరూ అనలేదు.

పిల్లమ్మ ఆ గుంపులోంచి బయటికి వచ్చి గడప దగ్గరికి పోయింది. ఆయన బూట్లు రెండూ చేతులతో ఎత్తుకుని, పుణ్యాహం చేసిన బండల మీదుగా తిన్నగా నడిచి వచ్చింది. "ఏయ్ పిల్లమ్మా! బుద్ధుందా నీకు?" అని యజమాని అరుస్తూనే ఉన్నాడు. ఆమె బూట్లను చంద్రశేఖర్ కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఏసుకో సామీ. ఏసుకుని ఇంకోసారి ముట్టు. ఏమీ ఉండదు."

ఆయన బూట్ల రబ్బరు అట్టలకేసి చూశాడు, ఆమె ఉత్త కాళ్ళకేసి చూశాడు. తల ఎత్తలేకపోయాడు.

"నిన్నేమీ అనను సామీ," అంది పిల్లమ్మ. "ఏమీ లేదు పో అని దాన్ని పెట్టె కాడికి తోలింది నేను."